పక్క సీటు బ్రేకు

మార్చి 4

బావగారికి,

నమస్కారం. ఫోను చేద్దామంటే పంపుల మోతలో పోయిన చెవులు మీవి, హారన్ల మోతలో పోయినవి నావి. మనిద్దరి మధ్య 'హలో' తప్ప ఇంకో మాట నడవదు. అందుకని కాగితం మీద పడ్డాను.

వియ్యాలవారి ఇంటి సంగతుల్లో వేలు పెట్టే అలవాటు నాకు లేదు. అయినా ఇవాళ పెడుతున్నాను. ఒకప్పుడు నా దగ్గర డ్రైవింగ్ నేర్చుకున్న పంటి డాక్టరు పోయిన వారం మీ ఊరు వచ్చాడట. సిగ్నల్ దగ్గర ఒక పాత పికప్ ట్రక్కు, దాని వెనక తాళ్ళతో కట్టిన కుర్చీలు, సోఫాలు, ముందు స్టీరింగు దగ్గర మీరు, పక్కన మా అమ్మాయి. "మన చిన్నప్పటి బండి సార్, ఇంకా తిరుగుతోంది!" అని మురిసిపోతూ చెప్పాడు. నాకు మాత్రం అన్నం సహించలేదు.

మీకు తెలియనిదేముంది? పెళ్ళికి ముందు ఆ కొండదారిలో, వానలో, కారు జారి నేనూ మా అమ్మాయీ గుంటలో పడ్డాం. నడుపుతున్నది అది. పక్కన ఉన్నది నేను. నా భుజం ఎముక అతుక్కుంది గానీ దాని బెదురు అతుక్కోలేదు. ఆ రోజు నుంచి స్టీరింగు ముట్టుకోలేదు. డ్రైవింగు స్కూలు మాస్టారి కూతురికి డ్రైవింగంటే భయమని జనం నవ్వినా నేను పల్లెత్తు మాట అనలేదు. ఎవరైనా నడుపుతుంటే పక్కన కూర్చున్నా తలుపు పిడి వదలదు.

అలాంటి పిల్లని రోజూ ఆ డబ్బాలో తిప్పుతున్నారా? దాని పని కుర్చీలకీ సోఫాలకీ గుడ్డలు మార్చి కుట్టడం. సామాను మోయడానికి బండి కావాలి, కాదనను. కానీ కాస్త ఈ కాలానికి చెందిన బండి దొరకలేదా? దాని బ్రేకులు ఎప్పటివో, తలుపులు మూసుకుంటాయో లేదో అని తండ్రి ప్రాణం కొట్టుకుంటోంది. తప్పుగా అనుకోకండి.

చెల్లెమ్మని అడిగానని చెప్పండి. అల్లుడుగారు ఇంకా ఆ ఆసుపత్రి లాబ్‌లోనే కదా?

ఉంటాను,
మీ బావ


మార్చి 12

బావగారూ,

మీ ఉత్తరం అందింది. కవరు చేత్తో పట్టుకోగానే మా ఇంటావిడ "ఇందులో చివాట్లున్నాయి" అంది. బరువును బట్టి చెప్పిందట.

మీ బెంగ అర్థమైంది. దానికి నేనేమీ అనుకోను. కానీ మా బండిని డబ్బా అన్నారు చూడండి, అది మాత్రం అనుకున్నాను. మీ అల్లుడికన్నా వయసులో పెద్దది కాబట్టి ఇంట్లో దాన్ని పెద్దబ్బాయి అంటాం. నీళ్ళ శాఖలో నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ పంపులు, పైపులు, నన్నూ మోసింది. శాఖ దాన్ని వేలం వేస్తుంటే చూస్తూ ఊరుకోలేక ఇంటికి తెచ్చుకున్నాను. మీ అల్లుడికి మాత్రం దాని మీద ప్రేమ లేదు. వాడికి ఇంజను శబ్దం పడదు, బస్సెక్కి పుస్తకం చదువుకుంటూ పోతాడు. ఎవరి పోలికో!

పాతదంటే పైకే పాతది బావగారూ. ముందు చక్రాలకి డ్రమ్ములు పీకేయించి డిస్కు బ్రేకులు పెట్టించాను. పెడల్ మెత్తబడడానికి బూస్టరు కూడా. మునుపు దాన్ని ఆపాలంటే వీధి మొదట్లోనే మనసులో అనుకోవాలి, ఇప్పుడు బొటనవేలు ఆనిస్తే చాలు. నడుముకి కట్టుకునే పాత పట్టీలు తీసేసి, తలుపుల పక్క స్తంభాలకి లోపల రేకు వేసి అతికించి, భుజం మీదుగా వచ్చే బెల్టులు బిగించాం. స్టీరింగు తిప్పితే రాత్రికి జబ్బలు పీకేవి, పవర్ స్టీరింగు వచ్చాక ఆ బాధ తప్పింది. వైర్లన్నీ కొత్తవి. పాత వైర్లని ఎలక ఒకటి చక్కగా భోంచేసింది, అది వేరే కథ, కలిసినప్పుడు చెప్తాను. రేడియేటరుకి ఎలక్ట్రిక్ ఫ్యాను పెట్టాక ట్రాఫిక్‌లో ఆవిర్లు కక్కడం మానేసింది. ఖాళీగా ఉన్నప్పుడు ఎగిరెగిరి పడుతోందని వెనక స్ప్రింగు కమానులు కూడా సరిచేయించాను. తలుపులు మూసుకుంటాయా అన్నారు. కొత్త రబ్బర్లు వేశాక ఎంత బిగుతుగా మూసుకుంటాయంటే అద్దం కాస్త దించితే గానీ మా ఇంటావిడ వేయలేదు.

సీటు మాత్రం మీ అమ్మాయి పనితనం. ముదురాకుపచ్చ గుడ్డ, దిట్టమైన కుట్టు. మొన్న ఒక కొత్త కారాయన సిగ్నల్ దగ్గర అద్దం దించి "అమ్ముతారా?" అన్నాడు. మీ అమ్మాయే నాకన్నా ముందు "అమ్మం" అంది.

పొద్దున్న తాళం తిప్పగానే ఒక్కసారి ఒళ్ళు విదిల్చుకుని లేస్తుంది చూడండి, ఆ చప్పుడు విన్నాకే నాకు తెల్లారినట్టు. ఎత్తుగా కూర్చుంటాం, నాలుగు వైపులా కనపడుతుంది, ఎవరూ తోసుకుని ముందుకు రారు. రిటైరైనవాడికి ఇంతకన్నా మర్యాద ఎక్కడ దొరుకుతుంది?

అన్నట్టు, మీ స్కూలు కార్లలో పక్క సీటు దగ్గర కూడా మీకోసం ఒక బ్రేకు ఉంటుంది కదా. దాన్ని అసలు బ్రేకుతో ఎలా కలుపుతారు? ఊరికే అడుగుతున్నాను.

చెల్లెమ్మగారికి మా నమస్కారాలు.

మీ బావ


మార్చి 20

బావగారికి,

ఊరికే అడుగుతున్నానన్నారు. ఆ బ్రేకు గురించి ఊరికే అడిగినవాళ్ళని నా సర్వీసులో చూడలేదు. మా ఇంటావిడకి మీ ఉత్తరం చదివి వినిపిస్తే, "అయ్యో, అన్నయ్యగారికి చూపు తగ్గినట్టుందండీ! పెళ్ళిలో కార్డు మీద అక్షరాలు చేయి చాచి పట్టుకుని చదివారు, గుర్తులేదా?" అంది. ఆ మాటతో నాకు అన్నీ కలిశాయి. మీకు ముందున్నది సరిగా కనపడటం లేదు. ఆ సంగతి ఇంట్లో చెప్పలేక, పక్కన కూర్చున్నవాళ్ళు అవసరమైతే బ్రేకు వేసేలా ఏర్పాటు చేసుకుంటున్నారు.

బావగారూ, దణ్ణం పెడతాను. ఆ పక్కన కూర్చునేది మా అమ్మాయి. తలుపు పిడి వదలని పిల్ల కాలి కింద బ్రేకు పెట్టి, "కాస్త చూస్తూ ఉండమ్మా" అంటారా? చూపు తగ్గడం తప్పు కాదు. నాకూ దగ్గరివి కనపడవు. కళ్ళ డాక్టరు దగ్గరకు వెళ్ళండి, అంతవరకూ తాళాలు అల్లుడుగారికి ఇచ్చేయండి.

బ్రేకు గురించి అడిగినవాడికి జవాబు ఇవ్వకుండా ఉండలేను, అది నా జబ్బు. ఇనప తీగతో కలపకండి, కొన్నాళ్ళకి సాగుతుంది. అడ్డకడ్డీ వేసి రెండు పెడళ్ళనీ దానికి బిగించండి. కడ్డీ రెండు చివర్లా ఆనడానికి గట్టి బ్రాకెట్లు ఉండాలి. పక్క పెడల్ అసలుదానికన్నా కాస్త కిందకి ఉండాలి, లేకపోతే కూర్చున్నవాళ్ళు కాళ్ళు చాపితే బండి ఆగుతుంది. కాళ్ళ కింద పరిచే పట్టా అడ్డం రాకుండా కోయండి. నట్టుకి ఇంకో నట్టు వేసి బిగించడం మరవద్దు.

ఇదంతా మీరు చేయాలని చెప్పడం లేదు. చేస్తే మాత్రం సరిగ్గా చేయండి.

మీ బావ


ఏప్రిల్ 2

బావగారూ,

ముందుగా మీ కాగితం ముక్కకి వందనాలు. మెకానిక్కు దాన్ని గోడకి అతికించుకున్నాడు. అడ్డకడ్డీ, బ్రాకెట్లు, నట్టు మీద నట్టు, అన్నీ మీరు చెప్పినట్టే. పెడల్ కాస్త కిందకి ఉండాలన్నారు, అది ఒక్కటే మొదట పట్టించుకోలేదు. ఫలితం అనుభవించాం.

నేనూ మీ చెల్లెమ్మా మార్కెట్‌కి వెళ్తున్నాం. ఆవిడ సంచి జారిపోతుంటే కాలు అడ్డం పెట్టి ఆపింది. సంచి ఆగింది, బండి కూడా ఆగింది, నడిరోడ్డు మీద. వెనక పాల వ్యానువాడు నా ఏడు తరాలనీ తలచుకున్నాడు. ఆవిడ అద్దం దించి తల బయటపెట్టి, "ఆయన్నేమీ అనకు నాయనా, ఆపింది నేను" అంది. పెళ్ళైనప్పటి నుంచి నన్ను మాటతో ఆపుతూనే ఉంది, ఇప్పుడు కాలితో ఆపడం కూడా వచ్చింది. మర్నాడే పెడల్ కిందకి దింపించాం.

నా కళ్ళకేమీ కాలేదు. మీ మాట మీద గౌరవంతో డాక్టరు దగ్గరకు కూడా వెళ్ళాను. దూరం చూపు కుర్రాడి చూపులా ఉందన్నాడు. మరి ఆ బ్రేకు ఎందుకంటారా, అది మాత్రం చెప్పను. ఒకరికి మాటిచ్చాను. మంచికేనని మాత్రం నమ్మండి.

ఆదివారాలు భలే గడుస్తున్నాయి. మా శాఖ పాత పంపుహౌసు మూతపడి ఖాళీగా ఉంది, చుట్టూ ప్రహరీ, లోపల విశాలమైన ఆవరణ. కాపలాదారు నన్నెరుగును. బండిని లోపలికి తీసుకెళ్ళి గంటలకొద్దీ అటూ ఇటూ తిప్పుతున్నాం. ఈ వయసులో మళ్ళీ మొదటి గేరు నుంచి మొదలుపెట్టడం కూడా ఒక సరదా!

మీ బావ


ఏప్రిల్ 10

అయ్యా,

మీరు మాటిచ్చిన మనిషి ఎవరో గానీ, నేను నా కూతుర్ని మీకిచ్చాను. ఆ సంగతి ముందు గుర్తుపెట్టుకోండి.

కళ్ళు బాగున్నాయంటారు. భార్య కాలితో బ్రేకు వేసిందంటారు. ఖాళీ జాగాలో మళ్ళీ మొదటి గేరు నుంచి నేర్చుకుంటున్నానంటారు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకీ, నడపడం మరిచిపోయినవాళ్ళకీ తప్ప ఇంకెవరికీ ఆ అవస్థ ఉండదు. మీరు కొత్తవారు కాదు. ఇక నాకు అర్థం కానిదేమీ లేదు.

కూతురు వానలో ఒకసారి గుంటలో పడింది. ఆ రోజు నేను పక్కనే ఉన్నాను. అది మా సొంత కారు, స్కూలు కారు కాదు. నా కాలి కింద బ్రేకు లేదు. అయినా నా కాలు నేలని తొక్కుతూనే ఉంది. కారు ఆగాక అది నా వైపు చూసిన చూపు ఈ జన్మలో మరిచిపోను. మళ్ళీ అలాంటిది జరిగితే దాని మనసు ఇంక నిలబడదు. నాకు భయంగా ఉంది. మర్యాదలు పక్కన పెట్టి చెప్తున్నాను, నాకు చాలా భయంగా ఉంది.

నెలాఖరులోపు నేనే వచ్చి అమ్మాయిని కొన్నాళ్ళు మా ఇంటికి తీసుకొస్తాను. మీరు అడ్డు చెప్పరని అనుకుంటాను.

ఇట్లు


ఏప్రిల్ 12

బావగారికి,

మొన్నటి ఉత్తరం మీకు అందే ఉంటుంది, లేదా రేపు అందుతుంది. అందితే చించేయండి. రాసిన కాపీ బల్ల మీద కనపడి మా ఇంటావిడ చదివి, "వియ్యంకుణ్ణి 'అయ్యా' అంటారా? కింద పేరూ లేదు, వరసా లేదు. కోర్టు నోటీసు కూడా ఇంతకన్నా మర్యాదగా ఉంటుంది" అని రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. నాకు కాఫీ నేనే పెట్టుకుంటున్నాను.

మాట తూలాను, మన్నించండి. కానీ భయం మాత్రం నిజం. దయచేసి దాచినది ఏమిటో చెప్పండి. చెడ్డదైనా ఫర్వాలేదు.

మీ బావ


ఏప్రిల్ 16

బావగారూ,

రెండు ఉత్తరాలూ ఒకే రోజు వచ్చాయి. మొదటిది చదివి మీ చెల్లెమ్మ ఏడ్చింది, రెండోది చదివి నవ్వింది. నేను మాత్రం మొదటిది పట్టుకుని తిన్నగా మీ అమ్మాయి దగ్గరకు వెళ్ళి, "అమ్మా, నేనిచ్చిన మాట నాకు తిరిగిచ్చేయి. మీ నాన్నగారు అక్కడ పడుతున్న అవస్థ చూడు" అన్నాను. రెండుసార్లు చదివింది. తర్వాత "చెప్పేయండి మామయ్యగారూ" అంది. ఇక వినండి.

ఆ రెండో బ్రేకు నా కోసం. పక్క సీట్లో కూర్చునేది నేను. నడిపేది మీ అమ్మాయి.

సీటు కుట్టడానికి కొలతలు చూస్తూ ఒకరోజు స్టీరింగు వెనక కూర్చుంది. కొలత అయిపోయాక కూడా దిగలేదు. ఆ తర్వాత బ్రేకులు మారుస్తుంటే షెడ్డుకి వచ్చి, కొత్త డిస్కు చేత్తో పట్టుకుని, "దీన్ని పట్టి ఆపేవి ఏవి?" అని అడిగింది. చూపించాను. ఒక్కొక్క బోల్టూ ఎందుకో, ఏది ఊడితే ఏమవుతుందో, అన్నీ అడిగింది. సగం నట్లు తనే బిగించింది. ఒక పొద్దున్న "నేను మళ్ళీ నేర్చుకుంటాను, మీ కాలి కింద కూడా ఒక బ్రేకు ఉంటే" అంది. అందుకే మిమ్మల్ని అడిగాను.

మీకెందుకు చెప్పలేదంటే, అది తన షరతు. "నాన్నకి వద్దు మామయ్యగారూ. నాకు చేతకాకపోతే మళ్ళీ 'ఫర్వాలేదులే అమ్మా' అంటారు. ఆ మాట ఇంకొక్కసారి వినలేను" అంది. ఇది మిమ్మల్ని నొప్పించడానికి రాయడం లేదు. ఆ పిల్ల ఎంత భయపడిందో మీకు తెలియాలని రాస్తున్నాను.

మొదట్లో ఆ పంపుహౌసు ఆవరణలో నడక కన్నా నెమ్మదిగా తిరిగేవాళ్ళం. నా కాలు పెడల్ మీదే. చెమటలు పట్టేవి, నాకు కూడా. ఒక ఆదివారం గేటు దగ్గర కుక్క ఒకటి అడ్డంగా ఉరికింది. నేను తొక్కబోయాను. తొక్కేలోపే బండి ఆగిపోయింది. మీ అమ్మాయి నా వైపు తిరిగి, "మీరు వేశారా?" అంది. "నేను కాదమ్మా" అన్నాను. నమ్మలేదు. వంగి నా కాళ్ళ వైపు చూసింది. అప్పటికి నా కాలు ఇంకా గాల్లోనే ఉంది. ఏడ్చింది బావగారూ, ఏడుస్తూనే గేరు వేసి గేటు దాటించింది. రోడ్డు మీదకి రావడం అదే మొదటిసారి.

ఇప్పుడు రోజూ తనే నడుపుకుంటూ వెళ్తోంది. నేను అరుగు మీద కూర్చుని టాటా చెప్తున్నాను. నా బండి నా చేతికి ఆదివారం కూడా దొరకడం లేదు. మీ అల్లుడు కూడా బస్సు మానేసి, పుస్తకంతో సహా పక్క సీట్లో చేరాడు.

మీరు బయల్దేరకండి. శనివారం తనే వస్తోంది మీ ఇంటికి, ఒక్కతే. వాకిట్లో జాగా ఉంచండి, పెద్దబ్బాయి కాస్త వెడల్పు.

మీ బావ


ఏప్రిల్ 28

బావగారికి, చెల్లెమ్మకి,

ఏ మొహం పెట్టుకుని రాయాలో తెలియక ఇన్ని రోజులు ఆగాను. మీకు చూపు తగ్గిందన్నాను, డ్రైవింగు మరిచిపోయారన్నాను, నిజానికి ఏమీ కనపడనిది నాకే. ఇంక మా ఇంట్లో ఎవరైనా మీ గురించి ఒక్క మాట అంటే నేను ఊరుకోను. అనేది నేనొక్కణ్ణే కాబట్టి పెద్ద కష్టమేమీ లేదు.

మీ ఉత్తరం చదివాక గుండెల మీద నుంచి ఎంత బరువు దిగిందో చెప్పలేను. చదివి మా ఇంటావిడ చేతికిచ్చి పెరట్లోకి పోయాను. తనూ నా వెనకే వచ్చింది. ఇద్దరం అక్కడ ఏం మాట్లాడుకున్నామో గుర్తులేదు.

శనివారం మధ్యాహ్నం వీధి చివర చప్పుడు వినపడింది. నేను గేటు దగ్గరకు పోలేదు, అరుగు మీదే నిలబడ్డాను. ఎదురింటి టైలరు పరిగెత్తుకొచ్చి "మాస్టారూ, మీ అమ్మాయి!" అని అరిచాడు. ఒక్క ప్రయత్నంలో, అద్దాల్లో చూసుకుంటూ, వెనక్కి నడిపి వాకిట్లో పెట్టింది. నా శిష్యుల్లో సగం మంది ఆ జాగాలో గోడ గీకినవాళ్ళే. దిగి, తాళం తీసి, నా వైపు చూసి, "బాగా పెట్టానా?" అంది. "టైరు కాస్త వంకరగా ఉంది" అన్నాను. నిజంగానే కాస్త వంకరగా ఉంది. కావలించుకుంది.

అలవాటు కొద్దీ బండంతా తడిమి చూశాను. మీ పనికి వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు, అది కూడా కాస్త బాధగానే ఉంది. సీటు మీద కుట్టు చూసి మా ఇంటావిడ చేత్తో పదేపదే నిమిరింది. ఆ రోజు నుంచి వీధిలో ప్రతివాడూ ఏదో ఒక వంకతో బండి ఎక్కి దిగుతున్నాడు. టైలరు తన బట్టల బేళ్ళు తెప్పించుకున్నాడు. మేము కూరగాయలకి కూడా అందులోనే పోతున్నాం. నడిపేది అమ్మాయి. నేను ఇంతవరకూ తాళం అడగలేదు, అడగాలని మాత్రం ఉంది.

నిన్న "పద నాన్నా, అలా కొండదారి వైపు వెళ్ళొద్దాం" అంది. అదే కొండదారి. వద్దనబోయి ఆగాను. పక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాను, మీ పెడల్ ఎక్కడుందో కాలితో చూసుకున్నాను. వెళ్ళేటప్పుడు వాన లేదు గానీ రోడ్డు తడిగానే ఉంది. మేము పడిన చోటు వచ్చింది. అమ్మాయి గేరు తగ్గించింది, మలుపు తిరిగింది, మళ్ళీ గేరు పెంచింది. అంతే.

బావగారూ, పాఠాలు చెప్పినన్నాళ్ళూ పక్క సీట్లో కూర్చునే బతికాను. ఒకరు నడుపుతుంటే ఒక్కసారి కూడా కన్ను మూయలేదు. బస్సెక్కినా డ్రైవరు భుజాల మీదే నా కళ్ళు. మా ఇంటావిడ అదొక రోగమనేది. నిన్న తిరిగి వచ్చేటప్పుడు దిగుడు మొదలైన దగ్గర నుంచి నాకేమీ గుర్తులేదు.

కళ్ళు తెరిచేసరికి బండి మా ఇంటి ముందు ఆగి ఉంది. ఇంజను చప్పుడు లేదు. అమ్మాయి రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని కూర్చుని ఉంది.

"వచ్చి ఎంతసేపైంది?" అన్నాను.

"చాలాసేపైంది నాన్నా. గురక పెడుతున్నావు, లేపబుద్ధి కాలేదు" అంది.

సోమవారం బయల్దేరి వస్తోంది. ఒక్కతే వస్తుంది, నిశ్చింతగా ఉండండి.

మీ బావ